సంఖ్య ఒకటే, నాదం వేరు: సొంతంగా కట్టుకున్న సింథసైజర్‌లో శబ్దాన్ని మలచడం

ఒకే కిట్టు తెప్పించుకుని, ఒకే బొమ్మ చూసి సోల్డరింగ్ చేసి, ఒకే ఫర్మ్‌వేర్ ఎక్కించుకున్న ఇద్దరు మిత్రులను ఊహించుకుందాం. ఒకరు తయారుచేసిన శబ్దాన్ని, అంటే ప్యాచ్‌ను, రెండోవారు తన యంత్రంలోకి ఉన్నదున్నట్టుగా దించుకుంటారు. రెండు తెరల మీదా కటాఫ్ (ఏ పౌనఃపున్యం పైనున్న శబ్దాన్ని ఫిల్టర్ తగ్గించాలో చెప్పే అమరిక) 48 అనే ఉంటుంది, రెజొనెన్స్ (ఆ గీత దగ్గరి శబ్దాన్ని ఉబ్బించే అమరిక) 50 అనే ఉంటుంది. అయినా మీట నొక్కితే ఒక యంత్రం గొంతు పూడుకుపోయినట్టు మూలుగుతుంది, రెండోది సన్నగా ఈలవేస్తుంది. ఇద్దరిలో ఎవరి పనిలోనూ తప్పు లేదు, ఏ భాగమూ కాలిపోలేదు. శబ్దం మొత్తం ఆ సంఖ్యల్లోనే ఉందనుకోవడం దగ్గరే పొరపాటు జరిగింది.

సొంతంగా కట్టుకునే సింథసైజర్‌లో శబ్దం మూడు చోట్ల కాపురముంటుంది: ప్రాసెసర్ చేసే లెక్కలో, ఆ లెక్క వోల్టేజీగా మారే గడప దగ్గర, ఆ వోల్టేజీకి లొంగే రెసిస్టర్లలో, కెపాసిటర్లలో. నాబ్ తిప్పినప్పుడు ఈ మూడింటిలో దేన్ని కదుపుతున్నామో తెలియకపోతే గంటల తరబడి తిప్పుతూనే ఉంటాం. ఇది తేటపడాలంటే ఒక నిజమైన యంత్రాన్ని విప్పి చూడడం మేలు. దానికి నేను ఎంచుకున్నది శ్రుతి-1.

పేరు మనదే కానీ యంత్రం పుట్టింది ఫ్రాన్స్‌లో. ఎమిలీ జిల్లే పారిస్‌లో నడిపిన మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే చిన్న సంస్థ దీన్ని కిట్టు రూపంలో అందించింది. అదే సంస్థ నుంచి అనుశ్రీ, అంబిక అనే సింథసైజర్లు కూడా వచ్చాయి. సంస్థ 2022లో మూతపడింది. అయితే సర్క్యూట్ బొమ్మలనూ, ప్రోగ్రామ్ మూలాన్నీ అందరికీ తెరిచి ఉంచడం వల్ల ఇప్పటికీ బోర్డులు అచ్చు వేయించుకుని కట్టుకునేవారు ఉన్నారు. ఈ వ్యాసానికి అది పెద్ద సౌకర్యం, ఎందుకంటే ఏ అంకె లోపల ఏం చేస్తుందో ఊహించనక్కర్లేదు, చదివి తెలుసుకోవచ్చు.

పైకి కనిపించేది చాలా తక్కువ: వరుసకు 16 అక్షరాలు పట్టే రెండు వరుసల తెర, దాని కింద నాలుగు నాబులు, ఒక తిరుగుడు ఎన్‌కోడర్, కొన్ని బటన్లు. లోపల రెండు అంతస్తులు. పై బోర్డులో 20 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే ఎట్మెగా644పి అనే 8 బిట్ల మైక్రోకంట్రోలర్ ఉంటుంది. దాని పని మెమరీ 4 కిలోబైట్లు మాత్రమే. కింది బోర్డులో అనలాగ్ ఫిల్టర్ ఉంటుంది. తరంగాలు పుట్టేది పైన, అంకెల లోకంలో. అవి చెక్కబడేది కింద, కరెంటు లోకంలో.

ముందు పై అంతస్తు చూద్దాం. ఈ యంత్రం సెకనుకు సుమారు 39,062 నమూనాలు, అంటే తరంగం ఎత్తును చెప్పే అంకెలు, తయారుచేస్తుంది. 20 మెగాహెర్ట్జ్‌ను 512తో భాగిస్తే వచ్చే అంకె అది. అంటే ఒక్కో నమూనాకు ప్రాసెసర్ చేతిలో ఉన్న గడువు 512 క్లాక్ టిక్కులు. తరంగాలను పుట్టించే రెండు ఆసిలేటర్లు, వాటి కింద ఒకటి లేదా రెండు ఆక్టేవ్‌ల దిగువన మోగే సబ్ ఆసిలేటర్, నాయిస్, వీటన్నిటి మిశ్రమం ఆ గడువులోనే పూర్తి కావాలి. మధ్యలో మిడి సందేశాలు (ఏ మీట నొక్కారో చెప్పే సంకేతాలు) వస్తే చదవాలి, తెర మీద అక్షరాలు మార్చాలి. ఈ ఇరుకు వల్లనే ఎన్వలప్‌లను (మీట నొక్కినప్పటి నుంచి శబ్దం ఎలా లేచి ఆరాలో చెప్పేవి), ఎల్‌ఎఫ్‌ఓలను (శబ్దాన్ని నెమ్మదిగా ఊపే తరంగాలు) ప్రతి నమూనాకూ లెక్కించరు. 40 నమూనాలకు ఒకసారి, అంటే సెకనుకు దాదాపు 976 సార్లు, లెక్కిస్తారు. అందుచేత ఎటాక్‌ను, అంటే శబ్దం లేచే కాలాన్ని, సున్నాకు తెచ్చినా ఎన్వలప్ సుమారు ఒక మిల్లీసెకను అంచెల్లోనే కదులుతుంది. అలాగే ఒక ఎల్‌ఎఫ్‌ఓను ఎంత వేగంగా తిప్పినా అది ఆసిలేటర్‌గా మారిపోదు. మెత్తటి ఎఫ్‌ఎమ్ (ఒక తరంగంతో మరో తరంగం పౌనఃపున్యాన్ని వేగంగా ఊపే పద్ధతి) గంట నాదం ఎల్‌ఎఫ్‌ఓతో రాబట్టాలని కూర్చునేవారికి ఎదురయ్యే గోడ ఇదే. ఆ పనికి ఆసిలేటర్ ఆకృతుల్లోనే ఎఫ్‌ఎమ్ వేరుగా ఉంది, దాన్ని వాడుకోవాలి.

ఆసిలేటర్ ఇచ్చేది ముడిసరుకు. రంపపు తరంగంలో అన్ని అనుస్వరాలూ (మూలస్వరానికి రెండు, మూడు, నాలుగు రెట్ల పౌనఃపున్యంలో పలికే హార్మోనిక్‌లు) ఉంటాయి: రెండోది సగం బలంతో, మూడోది మూడో వంతు బలంతో, అలా సన్నబడుతూ పోతాయి. చతురస్ర తరంగంలో బేసి సంఖ్యల అనుస్వరాలే ఉంటాయి, అందుకే అది బోలు వెదురులా వినిపిస్తుంది. ఆ చతురస్రం వెడల్పును సగం నుంచి మూడో వంతుకు తగ్గిస్తే ప్రతి మూడో అనుస్వరమూ మాయమవుతుంది, నాలుగో వంతుకు తగ్గిస్తే ప్రతి నాలుగోదీ పోతుంది. శ్రుతి-1లో ఆకృతి పక్కనే ఉండే పారామీటర్ నాబ్ చతురస్రానికి చేసేది ఈ పనే. ఫిల్టర్ జోలికి వెళ్ళకముందే ఈ ఒక్క నాబ్‌తో సగం రంగు మార్చవచ్చు. కొత్తవాళ్ళు దీన్ని వదిలేసి తిన్నగా కటాఫ్ మీద పడతారు.

ఇక అంకెల లోకానికే ప్రత్యేకమైన ఒక దోషం ఉంది. సెకనుకు 39,062 నమూనాలు తీసే యంత్రం అందులో సగానికి, అంటే 19,531 హెర్ట్జ్‌కు, మించిన పౌనఃపున్యాన్ని చూపలేదు. చూపలేనిది ఊరికే పోదు, అద్దంలో పడ్డట్టు వెనక్కి మడతపడుతుంది. 3,000 హెర్ట్జ్ వద్ద ఒక శుద్ధమైన రంపపు తరంగాన్ని లెక్కకట్టి వినిపించామనుకోండి. దాని ఏడో అనుస్వరం 21,000 హెర్ట్జ్ దగ్గర ఉండాలి, కానీ అది 18,062 దగ్గర ప్రత్యక్షమవుతుంది. పదమూడో అనుస్వరం 39,000 దగ్గర ఉండాలి. అది మడతపడి సుమారు 62 హెర్ట్జ్ దగ్గర, పైస్థాయి స్వరానికి అడుగున ఎవరో పిండిమర తిప్పుతున్నట్టు, ఘూర్ణిల్లుతుంది. ఈ మడతను ఫిల్టర్ తీసివేయలేదు, ఎందుకంటే ఫిల్టర్ దాకా వచ్చేసరికి ఆ 62 హెర్ట్జ్ కూడా అసలు స్వరంలాగే కనిపిస్తుంది. అందుకే శ్రుతి-1లోని మామూలు రంపపు, చతురస్ర ఆకృతులకు ముందుగానే పై అనుస్వరాలు కత్తిరించిన పట్టికలు వాడారు. ‘8బిట్స్’ వంటి గరుకు ఆకృతులకు ఆ కత్తిరింపు లేదు. పైస్థాయిలో వింత గురగుర వినిపిస్తే సోల్డరింగ్‌ను అనుమానించే ముందు ఆకృతి పేరు చూడాలి.

రెండు ఆసిలేటర్లను కలిపే తీరు కూడా ఒక నాబే. మామూలుగా కూడిక. మిగతావాటిలో సింక్, రింగ్ మాడ్యులేషన్ అనలాగ్ కాలం నుంచి వచ్చినవి. ఎక్స్-ఆర్ అన్నది మాత్రం అంకెల యంత్రానికే చెల్లే చేష్ట: రెండు నమూనాలను బిట్టుకు బిట్టు పోల్చి, తేడా ఉన్నచోట ఒకటి, లేనిచోట సున్నా వేస్తుంది. ఒక ఆసిలేటర్ విలువ 100, రెండోదాని విలువ 101 అయితే జవాబు 1. అదే 127, 128 అయితే, వాటి మధ్య తేడా కూడా ఒకటే అయినా, జవాబు 255. మొదటిదాని బిట్లు 01111111, రెండోదానివి 10000000. ఏ ఒక్కటీ కలవదు. తరంగం ఆ మధ్య గీత దాటిన ప్రతిసారీ నిశ్శబ్దం అంచు నుంచి పూర్తి బలానికి ఎగిరిపడుతుంది. ఇత్తడి పళ్ళెం మీద గరిటె జారినట్టు వచ్చే ఆ మోత వెనుక ఉన్నది ఈ ఎగురుడే. మెత్తటి సైన్ తరంగాలు రెండిచ్చినా ఎక్స్-ఆర్ వాటిని పదును పెడుతుంది కాబట్టి, దీన్ని ఎంచుకున్నాక ఫిల్టర్‌ను ముందుగానే దించి ఉంచుకోవడం చెవులకు క్షేమం.

ఇప్పుడు గడప. మైక్రోకంట్రోలర్ కాలికి రెండే స్థితులు తెలుసు: సున్నా వోల్టులు, అయిదు వోల్టులు. మధ్యలో ఉన్న వోల్టేజీ కావాలంటే ఆ కాలిని అతివేగంగా వేస్తూ ఆర్పుతూ, వెలిగి ఉన్న కాలం నిష్పత్తిని మార్చి, తర్వాత ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరుతో ఆ కుదుపును నున్నగా చేయాలి. కటాఫ్, రెజొనెన్స్, శబ్దస్థాయి ఈ మూడూ ఫిల్టర్ బోర్డుకు చేరేది ఈ దారినే. ఇందులో ఒక బేరం దాగి ఉంది. పెద్ద కెపాసిటర్ వేస్తే వోల్టేజీ నున్నబడుతుంది కానీ మందగిస్తుంది, మద్దెల దెబ్బలా ఎగరాల్సిన ఎన్వలప్ బద్ధకంగా లేస్తుంది. చిన్నది వేస్తే చురుకు వస్తుంది కానీ అడుగున సన్నని రొద మిగులుతుంది. బొమ్మలో ఇచ్చిన విలువ దొరకలేదని దగ్గర్లో ఉన్న మరో విలువ వేసేవారు తమకు తెలియకుండానే ఈ బేరాన్ని మార్చేస్తారు. ఆ మార్పు ఏ మెనూలోనూ కనబడదు.

గడప దాటితే ఫిల్టర్. శ్రుతి-1కు ఫిల్టర్ బోర్డులు చాలా రకాలు వచ్చాయి. పాత సోవియట్ సింథసైజర్ పోలివోక్స్ తీరును అనుసరించింది ఒకటి, ఎస్‌ఎస్‌ఎమ్2044 చిప్పు చుట్టూ కట్టింది మరొకటి. ఎక్కువమంది కట్టుకున్నది నాలుగు అంచెల ఎస్‌ఎమ్‌ఆర్4. నాలుగు అంచెలంటే కటాఫ్ దాటిన తర్వాత ప్రతి ఆక్టేవ్‌కూ 24 డెసిబెల్స్ తగ్గుదల, అంటే బలం పదహారో వంతుకు పడిపోతుంది. రెజొనెన్స్ పెంచితే కటాఫ్ దగ్గరి అనుస్వరాలు ఉబ్బుతాయి. ఇంకా పెంచితే ఫిల్టరే సొంతంగా పాడడం మొదలుపెడుతుంది, ఆసిలేటర్లను పూర్తిగా కట్టేసినా సరే.

మొదట చెప్పిన మిత్రుల చిక్కుముడి విడిపోయేది ఇక్కడ. కటాఫ్ 48 అన్నది హెర్ట్జ్‌లలో ఉన్న మాట కాదు, ఒక వోల్టేజీకి పెట్టిన పేరు. ఆ వోల్టేజీ ఎన్ని హెర్ట్జ్‌లవుతుందో తేల్చేది నాలుగు చిన్న కెపాసిటర్లు, వాటిని నింపే కరెంటు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, విదేశం నుంచి తెప్పించినా, పది శాతం సహనపరిమితి ఉన్న కెపాసిటర్ అంటే చెప్పిన విలువకు పది శాతం పైనా ఉండవచ్చు, కిందా ఉండవచ్చు. ఒకరి నాలుగు కెపాసిటర్లూ పై అంచున, మరొకరివి కింది అంచున పడ్డాయనుకుంటే, ఒకే అంకెకు వారి కటాఫ్‌ల మధ్య దూరం దాదాపు మూడున్నర అర్ధస్వరాలు. ట్రిమ్మర్లు (బోర్డు మీద స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న సర్దుబాటు రెసిస్టర్లు) సరిచేయకపోతే ఈ దూరం ఇంకా పెరుగుతుంది. రెజొనెన్స్‌ది మరీ సున్నితమైన వ్యవహారం. ఫిల్టర్ సొంతంగా పాడడం మొదలుపెట్టే గీత ఒక యంత్రంలో 45 దగ్గర, మరోదానిలో 58 దగ్గర ఉంటే, 50 అని రాసిన ప్యాచ్ ఒకచోట ఈల అవుతుంది, ఇంకోచోట కాదు.

దీనికి తోడు ఎండ. సమాన అంచెల వోల్టేజీని సమాన ఆక్టేవ్‌లుగా మార్చే సర్క్యూట్ ట్రాన్సిస్టర్ స్వభావం మీద ఆధారపడుతుంది, ఆ స్వభావం ఉష్ణోగ్రతతో డిగ్రీకి మూడో వంతు శాతం చొప్పున మారుతుంది. పరిహారం ఇచ్చే ప్రత్యేక రెసిస్టర్ లేని సర్క్యూట్‌ను 20 డిగ్రీల గదిలో శ్రుతి చేసి, మే నెలలో ఏసీ లేని 40 డిగ్రీల గదిలోకి తెస్తే, కొలత అంచెలు ఆరు శాతానికి పైగా కుదించుకుపోతాయి. శ్రుతి చేసిన చోటు నుంచి మూడు ఆక్టేవ్‌లు దూరం వెళ్ళేసరికి రెండు అర్ధస్వరాలకు పైగా అపశ్రుతి. పారిస్‌లో రాసిన సూచనల పత్రాన్ని విజయవాడలో పాటించేవారు ట్రిమ్మర్ తిప్పే ముందు యంత్రాన్ని పావుగంటైనా వెలిగించి ఉంచడం, వాయించే గదిలోనే శ్రుతి చేయడం అవసరం. ఆసిలేటర్లకు ఈ బాధ లేదు, వాటిని క్రిస్టల్ క్లాక్ నడుపుతుంది. పాడుతున్న ఫిల్టర్‌నే స్వరంగా వాడుకునే ప్యాచ్‌లు మాత్రం వేసవిలో నమ్మదగినవి కావు.

ఇంతవరకూ రంగు. ఇక కదలిక. ఎటాక్ (లేవడం), డికే (దిగడం), సస్టైన్ (నిలవడం), రిలీజ్ (మీట వదిలాక ఆరడం) అనే నాలుగు అంచెల ఆలోచన 1965లో స్వరకర్త వ్లాదిమిర్ ఉస్సచెవ్‌స్కీ సింథసైజర్ల రూపకర్త రాబర్ట్ మోగ్‌కు చెప్పి చేయించుకున్న పరికరాల నుంచి వచ్చింది, నేటికీ దాదాపు అన్ని సింథసైజర్లూ దాన్నే వాడుతున్నాయి. శ్రుతి-1లో ఇలాంటివి రెండున్నాయి: మొదటిది ఫిల్టర్‌కు, రెండోది శబ్దస్థాయికి. అయితే ఈ కేటాయింపు పూర్తిగా రాతిమీద గీత కాదు, చాలావరకు మాడ్యులేషన్ మ్యాట్రిక్స్ అనే పట్టికలో రాసి ఉంటుంది. ఆ పట్టికకు 12 వరుసలు. ఒక్కో వరుసలో ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎంత అని మూడు మాటలు. ఎంత అన్నది మైనస్ 63 నుంచి ప్లస్ 63 దాకా.

ఈ పట్టిక దగ్గర నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. మీట వదిలినా స్వరం ఆగడం లేదు. వీసీఏ, అంటే వోల్టేజీని బట్టి శబ్దస్థాయిని పెంచి తగ్గించే, చిప్పు లీకవుతోందని తీర్మానించుకుని, బోర్డు తిప్పి ఆ చుట్టుపక్కల కాళ్ళన్నిటికీ మళ్ళీ సోల్డర్ కరిగించాను, చివరికి చిప్పునూ మార్చాను. స్వరం ఆగలేదు. అసలు సంగతి ఏమిటంటే, అంతకు ముందు ఏదో ప్రయోగంలో ఎన్వలప్ 2 నుంచి వీసీఏకు వెళ్ళే వరుసలో 63ను సున్నా చేసి మరచిపోయాను. సున్నా అంటే నిశ్శబ్దం రావాలి కదా అనిపిస్తుంది. మిగతా గమ్యాలన్నిటికీ మ్యాట్రిక్స్ కూడిక చేస్తుంది, వీసీఏకు మాత్రం గుణకారం చేస్తుంది. వీసీఏ మొదట పూర్తిగా తెరిచి ఉంటుంది, వరుసలు దాన్ని మూస్తాయి. ‘ఎంత’ అన్నచోట సున్నా అంటే ‘ఈ ఎన్వలప్ దేన్నీ మూయవద్దు’ అని అర్థం, కాబట్టి తలుపు బార్లా తెరిచే ఉంటుంది. అదే అంకెను మైనస్ 63 చేస్తే ఎన్వలప్ తలకిందులవుతుంది: ఊరకున్నప్పుడు మోగుతూ, మీట నొక్కినప్పుడు అణగిపోతుంది. తప్పు లెక్కలో ఉంటే నేను మొదట చెప్పిన మూడో చోట, రెసిస్టర్ల మధ్య, సోల్డర్ కరిగిస్తూ కూర్చున్నాను.

ఇవన్నీ కలిపి ఒక శబ్దం చేసి చూద్దాం: తీగ మీటిన నాదం. తీగను మీటినప్పుడు పై అనుస్వరాలు ముందుగా ఆరిపోతాయి, మూలస్వరం చివరిదాకా నిలుస్తుంది. ఈ ఒక్క వాస్తవం నుంచే ప్యాచ్ మొత్తం రాబట్టవచ్చు. మొదటి ఆసిలేటర్‌కు రంపపు ఆకృతి, అన్ని అనుస్వరాలూ కావాలి కనుక. రెండోదానికి కూడా అదే ఆకృతిని ఇచ్చి రవంత శ్రుతి తప్పిస్తే చాలు: ఒకటి 440 దగ్గర, రెండోది 441 దగ్గర ఉంటే సెకనుకు ఒక అల వస్తుంది, నాదానికి ప్రాణం వస్తుంది. అంతకు మించితే జంట వాద్యాలు గొడవపడుతున్నట్టు ఉంటుంది. నా యంత్రంలో కటాఫ్ 30, రెజొనెన్స్ 10, ఫిల్టర్ మీద ఎన్వలప్ ప్రభావం 40 ఉంచుతాను. రెండు ఎన్వలప్‌లకూ ఎటాక్ సున్నా, సస్టైన్ సున్నా. మొదటిదాని డికే 45, రెండోదానిది 80.

కీలకం ఆ 45, 80ల మధ్య తేడాలో ఉంది. రంగు త్వరగా ఆరి, శబ్దం నెమ్మదిగా ఆరాలి. ఈ రెండింటినీ తారుమారు చేస్తే ఫిల్టర్ ఇంకా దిగుతుండగానే శబ్దం ముగిసిపోతుంది. కటాఫ్‌ను ఎంత తిప్పినా తీగ వినబడదు, చెక్కమీద తట్టినట్టే ఉంటుంది. ఆ తర్వాత మ్యాట్రిక్స్‌లో ఒక వరుస తీసుకుని, మీట నొక్కిన వేగాన్ని కటాఫ్‌కు 20 మేర కలపాలి. గట్టిగా మీటిన తీగ గట్టిగా మోగడమే కాదు, పదునుగా కూడా మోగుతుంది. వేగాన్ని శబ్దస్థాయికి మాత్రమే కలిపిన ప్యాచ్‌లు వాల్యూమ్ నాబ్ తిప్పినట్టుగా అచేతనంగా ఉండడానికి కారణం ఈ వరుస లోపించడమే.

యంత్రం పేరు శ్రుతి కాబట్టి ఆ సంగతి కూడా చూడాలి. ఇందులో ఒక అర్ధస్వరాన్ని 128 మెట్లుగా విభజించారు. ఆ మెట్ల మీద స్వరస్థానాలను జరిపే పట్టికలు ఫర్మ్‌వేర్‌లోనే ఉన్నాయి: సమాన విభజన, శుద్ధ నిష్పత్తులు, ఆ తర్వాత భైరవ్, మార్వా, యమన్, కాఫీ వంటి హిందుస్తానీ రాగాల పేర్లతో కొన్ని. ఆసిలేటర్ ఆకృతుల్లో తంపురా కూడా ఒకటి. పియానో మీటల అంతర గాంధారం షడ్జమం నుంచి 400 సెంట్ల (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) దూరంలో ఉంటే, తంపురా తీగలో సహజంగా పలికేది 386 దగ్గర ఉంటుంది. ఆ 14 సెంట్ల తేడాను సుమారు 18 మెట్లు కిందికి జరిపి తీర్చవచ్చు. తంపురా ఆకృతిని ఒక ఆసిలేటర్‌తో నిలిపి, దానిపై ఈ గాంధారాన్ని రెండు రకాలుగానూ పలికించి చూస్తే తేడా చదివినదానికంటే తొందరగా చెవికి ఎక్కుతుంది.

అయితే ఈ పట్టికలు చేసేది స్వరస్థానాన్ని సరిచేయడం వరకే. రాగం పేరు ఎంచుకోగానే రాగం పలకదు. కర్ణాటక సంగీతం విన్న చెవికి తోడి గాంధారం ఒక స్థానం కాదని, ఒక ప్రయాణమని తెలుసు. ఆ ప్రయాణాన్ని ఎల్‌ఎఫ్‌ఓతో రాబట్టాలని ప్రయత్నిస్తే ఊయల తప్ప ఏమీ రాదు, ఎందుకంటే ఎల్‌ఎఫ్‌ఓ ప్రతి స్వరానికీ ఒకే వేగంతో, ఒకే వెడల్పుతో ఊగుతుంది, కంపితం అనే గమకం కూడా అంత యాంత్రికంగా ఉండదు. కొంత దగ్గరికి వెళ్ళాలంటే ఎల్‌ఎఫ్‌ఓ నుంచి స్వరానికి వెళ్ళే వరుసను తీసేసి, పిచ్‌బెండ్ చక్రం పరిధిని పెంచుకుని, చేతితో లాగడం మంచిది. అది ఇక ప్రోగ్రామింగ్ పని కాదు, సాధన పని.

ప్యాచ్‌ను ఇంకొకరికి ఇవ్వదలచినవారు అంకెలతోపాటు మూడు సంగతులు రాసి పెడితే మొదట చెప్పిన ఇద్దరు మిత్రుల ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. ఏ ఫిల్టర్ బోర్డు వాడారన్నది ఒకటి. రెజొనెన్స్ ఏ అంకె దగ్గర ఫిల్టర్ పాడడం మొదలుపెడుతుందన్నది రెండోది. ఆసిలేటర్లను పూర్తిగా తగ్గించి, రెజొనెన్స్‌ను చివరిదాకా తిప్పి, కటాఫ్‌ను 64 దగ్గర ఉంచితే వినిపించే ఈల ఏ స్వరమన్నది మూడోది. పుచ్చుకున్నవారు తమ యంత్రంలో అదే పరీక్ష చేసి, ఈల ఎన్ని అర్ధస్వరాలు ఎక్కువ తక్కువలుగా ఉందో చూసి, ముందు ట్రిమ్మర్‌ను, అది చాలకపోతే కటాఫ్ అంకెను, అంత మేర జరుపుకోవాలి. ఫోన్‌లోని మామూలు ట్యూనర్ ఆప్ ఈ పనికి సరిపోతుంది.